ద్యూతము వేరు, క్రీడ వేరు



చీడికాడ మండలంలో చెరకు సొమ్ము చేతికందిన రోజు ఇంటింటా పర్వదినం వంటిది. వడ్డీలు తీరాలన్నా, పిల్లల చదువులు సాగాలన్నా, ఆగిన శుభకార్యం జరగాలన్నా ఆ సొమ్మే ఆధారం. అటువంటి ఒక గృహంలో పెద్దకుమారుడు ఒక ఏడాది ఫలాన్ని చరవాణిలోని రమ్మీకి సమర్పించాడు. విషయం తెలిసిన తండ్రి ఆగ్రహం కుమారుని చరవాణితో ఆగలేదు. కుమార్తె చదువుకోసం కొన్న ల్యాప్‌టాప్‌ను సైతం బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆమె సాయంకాలాలలో దానిపై ఆడుతున్నది రమ్మీ కాదు. తప్పిపోయిన తమ్ముణ్ణి వెదుకుతూ ఒక బాలిక చేసే ప్రయాణమే ఆ ఆట. అయినా తండ్రి దృష్టిలో ఆట అంటే ఆటే. ప్రదోషకాలంలో ఆలయానికి వచ్చిన ఆ ఇంటి నాయనమ్మ మండపంలో కూర్చున్న పెద్దలను ఒకే మాట అడిగింది: "ఆటలన్నీ జూదమేనేటి బాబూ?"

కొందరు ఔనన్నారు. కొందరు మౌనం వహించారు. ఆ ప్రశ్నకు సముచితమైన సమాధానం ఆ సాయంకాలం లభించలేదు.

ఔనన్నవారి పక్షాన్ని ముందుగా గౌరవించాలి. పూర్వపక్షాన్ని దుర్బలం చేసి ఖండించడం శాస్త్రాధ్యయనం చేసినవారి లక్షణం కాదు. ఋగ్వేదం దశమ మండలంలోని అక్షసూక్తంలో జూదరి తన దుర్దశను తానే చెప్పుకుంటాడు. భార్య దూరమైనది, అత్తగారు ద్వేషిస్తున్నది, ఆపదలో ఆదుకునేవాడు కనబడడు. అయినా పాచికల చప్పుడు వినబడగానే కాళ్లు అటే నడుస్తాయి. ఆ సూక్తం చివర అతనికి అందే హితవు పాచికలు విడిచి పొలం దున్నుకొమ్మని. చెరకు పండించే కుటుంబానికి ఇంతకన్న దగ్గరి ఉపదేశం వేదంలో వేరొకటి ఉండదేమో! నలచక్రవర్తి రాజ్యం పోగొట్టుకున్నది పాచికల వల్లనే. ధర్మరాజు తమ్ములనూ, తననూ, ద్రౌపదినీ ఒడ్డినది పాచికల ముందే. ఇంతటి అనుభవం గల జాతి ఆట అన్న మాట వినగానే ఉలిక్కిపడితే తప్పు పట్టడానికి వీలులేదు.

కాని స్మృతికర్తలు ద్యూతాన్ని నిషేధించేటప్పుడు దానికి నిర్వచనం కూడ చెప్పారు. నారదస్మృతి ద్యూతాన్ని నిర్వచిస్తూ దానిని పణంతో కూడిన క్రీడగా పేర్కొన్నది. పణం అంటే పందెం. అనగా దోషబీజం క్రీడలో లేదు, పణంలో ఉన్నది. నేటి శాసనకర్తలూ ఈ విభాగాన్నే అనుసరించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో జూద నిరోధక చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ధనం ఒడ్డే ఆటలను దేశమంతటా నిషేధిస్తూనే, ధనం ఒడ్డని ఆటలను వేరు చేసి చూసింది. రమ్మీలో ప్రతి చేతి వెనుక పణం ఉన్నది. ఆ బాలిక ఆడే ఆటలో పణం లేదు. ఒకే తెరపై కనబడినంత మాత్రాన రెండూ ఒకటి కావు. ఒకే అగ్నితో హవిస్సునూ వండవచ్చు, ఇల్లునూ కాల్చవచ్చు.

మనుస్మృతి సప్తమాధ్యాయంలో రాజు విడువవలసిన కామజ వ్యసనాల జాబితా ఉన్నది. అందులో వేట, పాచికలు, పగటినిద్ర మొదలైన వాటితోపాటు తౌర్యత్రికం కూడ చేరింది. తౌర్యత్రికం అంటే నృత్తగీతవాద్యాలు. ఆ మూడింటినీ ప్రతి ఆలయంలో షోడశోపచారాల వెంట స్వామికి నివేదిస్తూనే ఉన్నారు కదా! అది వ్యసనమైనప్పుడే త్యాజ్యమని పెద్దలు గ్రహించారు కనుకనే త్యాగరాజస్వామి కీర్తనను ఎవరూ వ్యసనమని అనలేదు. తిరుమలలో హాథీరాంజీ బావాజీతో శ్రీనివాసుడే స్వయంగా పాచికలాడినట్లు భక్తలోకం తరతరాలుగా చెప్పుకుంటున్నది. అక్కడ బావాజీ ఒడ్డిన ధనం లేదు, ఆశించిన ధనం లేదు. భగవంతుడు జగత్తును ఎందుకు సృష్టించాడన్న ప్రశ్నకు బాదరాయణులు చెప్పిన సమాధానం కూడ లీల అన్నదే. పూర్ణకామునికి పొందవలసినది ఏదీ లేదు. అయినా ఆయన ఆడుతున్నాడు. ఆడటం అన్న క్రియకు వేదాంతంలో ఇంతటి స్థానం ఉండగా దానిని పాపపు చిట్టాలో వ్రాయడం తొందరపాటు.

ఇక ఆ బాలిక ఆడే ఆట ఏ జాతికి చెందినదో విచారించాలి. ఆంగ్లంలో దీనిని అడ్వెంచర్ గేమ్ అన్నారు. సాహసయాత్ర అనవచ్చు. దీని పుట్టుక ఆసక్తికరం. విల్ క్రౌథర్ అనే అమెరికన్ కంప్యూటర్ నిపుణునికి గుహలలో సంచరించడం ఇష్టం. భార్యతో విడిపోయిన తరువాత కుమార్తెలకు దూరమైన ఆ తండ్రి, 1970ల మధ్యలో తాను తిరిగిన కెంటకీ రాష్ట్రపు గుహలను అక్షరరూపంలో కంప్యూటర్‌లో నిర్మించి, పిల్లలు వచ్చినప్పుడు ఆడుకోవడానికి ఇచ్చాడు. బొమ్మ ఒక్కటి లేదు. ఎదుట ఏమున్నదో యంత్రం మాటలలో చెబుతుంది, ఎటు వెళ్లాలో ఆడేవారు మాటలలో చెబుతారు. బొర్రా గుహలలో దీపం పట్టుకుని నడిచే తండ్రి వెనుక పిల్లలు నడిచినట్లు ఉంటుందని భావించవచ్చు. 1980లో రాబర్టా విలియమ్స్, కెన్ విలియమ్స్ దంపతులు మిస్టరీ హౌస్ అనే ఆటలో ఆ మాటలకు రేఖాచిత్రాలను జోడించారు. తరువాత రంగులు వచ్చాయి, శబ్దం వచ్చింది.

ఈ జాతిలో శ్రేష్ఠమైనదిగా ఎంతోమంది చెప్పే మిస్ట్ అనే ఆట 1993లో వెలువడింది. దానిని నిర్మించిన రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ సోదరులు ఒక క్రైస్తవ ధర్మబోధకుని కుమారులు. అందులో శత్రువులు లేరు, మరణం లేదు, గడియారం లేదు, ఏమి చేయాలో చెప్పేవారూ లేరు. ఒక గ్రంథాన్ని తెరవగానే ఆడేవాడు నిర్జనమైన ద్వీపంలో నిలబడి ఉంటాడు. గాలి వీస్తుంది, నీరు కదులుతుంది. చూడటం తప్ప మొదట చేయగలిగినది లేదు. ఆ ద్వీపంలోని గ్రంథాలయంలో ఎర్రని పుస్తకం ఒకటి, నీలి పుస్తకం ఒకటి ఉన్నాయి. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క సోదరుడు బందీగా ఉన్నాడు. తనకు పుటలు తెచ్చి విముక్తి కలిగించమనీ, రెండవవాడు దుర్మార్గుడనీ ఇద్దరూ చెబుతారు. ఎవరి మాట సత్యం? వారు నివసించిన గదులను చూడాలి, వదలిన వస్తువులను చూడాలి, మాటకూ వస్తువుకూ గల సంబంధాన్ని విచారించాలి. తర్కశాస్త్రం చెప్పే ప్రమాణాలలో ప్రత్యక్షం, అనుమానం, శబ్దం అనే మూడింటికీ అక్కడ పని ఉన్నది. అందులో శబ్దం ఆప్తవాక్యమైతేనే ప్రమాణమన్న సూక్ష్మం ఆ ఇద్దరు సోదరుల మాటలు విన్నవారికి చక్కగా అర్థమవుతుంది. సత్యం ఏమిటో ఇక్కడ చెప్పడం ధర్మం కాదు. ముప్పై ఏళ్లు దాటినా దానిని ఇంకా ఆడనివారు ఉన్నారు.

ఈ విధమైన సంకటాలు భారతీయులకు కొత్తవి కావు. సుందరకాండ ఆరంభంలో హనుమంతుని సముద్రలంఘనాన్ని పారాయణ చేసేవారు గమనించే ఉంటారు. మార్గంలో ఎదురైన ప్రతి ఆటంకానికీ సమాధానం వేరు. మైనాకుడు ఆతిథ్యం ఇస్తానంటే చేతితో స్పృశించి, గౌరవించి, ఆగకుండా వెళ్లిపోయాడు. సురస నోరు తెరిస్తే ముందు దేహాన్ని పెంచి, ఆ వెంటనే అంగుష్ఠమాత్రుడై లోపలికి వెళ్లి బయటకు వచ్చాడు. ఆమె మాటా నిలిచింది, తన పనీ నెరవేరింది. నీడను పట్టి లాగిన సింహికను మాత్రం సంహరించాడు. లంకిణిని ఎడమ పిడికిలితో ఒక్క పోటు పొడిచి ఊరుకున్నాడు. సురసను సంహరించి ఉంటే అపచారం. సింహికను గౌరవించి ఉంటే మరణం. ఎదుట ఉన్నది ఏదో గుర్తించడమే సగం విజయం. చక్కగా నిర్మించిన సాహసయాత్రలోని రహస్యం కూడ ఇదే. ఒక తలుపుకు తాళంచెవి కావాలి, మరొక తలుపు పాటకు తెరచుకుంటుంది, మూడవది అసలు తలుపే కాదు.

అరణ్యపర్వంలోని యక్షుని సరస్సు మరీ దగ్గరి ఉదాహరణ. నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు వరుసగా వచ్చారు. హెచ్చరిక విన్నారు. దాహం ఆగనివ్వలేదు, నీరు త్రాగి పడిపోయారు. అర్జునుడు కనబడని వానిపై బాణవర్షం కురిపించాడు, ఫలితం లేకపోయింది. ధర్మరాజుకూ దాహమే, అతని ముందు తమ్ములు నలుగురూ పడి ఉన్నారు. అయినా నిలబడి అడిగినదానికి సమాధానం చెప్పాడు. బలంతో గెలవలేని చోట ఆగి చూడటం అనే విద్య అక్కడ ఉన్నది. ఒక చిక్కుముడి ముందు అరగంట కూర్చుని, చేతిని మౌస్‌పై నుండి తీసి, గోడమీది బొమ్మను మళ్లీ మొదటినుండి చూసే పిల్ల చేస్తున్నది ఆ విద్యకు చిన్న అభ్యాసం. పిల్ల చదవడం లేదు, తెరను చూస్తున్నది అని మాత్రమే పెద్దలకు కనబడుతుంది. ఏకాగ్రత బయటివారికి కనబడే వస్తువు కాదు.

తెలుగువారి ఇళ్లలో ముక్కోటి ఏకాదశి రాత్రి జాగరణలో ఆడే వైకుంఠపాళితో దీనిని పోల్చి చూడవచ్చు. ఆ పటం గొప్ప వేదాంతపాఠం, సందేహం లేదు. సద్గుణం నిచ్చెన, దుర్గుణం సర్పం, పరమపదం శిఖరాన. కాని అందులో ఆడేవాని బుద్ధికి పని లేదు. గవ్వలు ఎన్ని పడితే అన్ని గళ్లు నడవాలి. అది ప్రారబ్ధాన్ని నేర్పే ఆట. సాహసయాత్రలో గవ్వలు లేవు, ఎవరి అదృష్టమూ పనిచేయదు. చూసినవానికి దారి కనబడుతుంది, చూడనివానికి కనబడదు. ఇది పురుషకారాన్ని నేర్పే ఆట. దైవం, పురుషకారం రెండూ రథచక్రాలవంటివని పెద్దలు చెప్పారు. ఒక చక్రానికి పటం గీసిన సంప్రదాయం రెండవ చక్రాన్ని చూసి భయపడటం ఎందుకు?

ఆ బాలిక ఆడుతున్న ఆట పేరు రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్. పుణేలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ అనే చిన్న సంస్థ దానిని నిర్మించి 2020లో విడుదల చేసింది. ప్రజలనుండి విరాళాలు సేకరించాలని 2017లో చేసిన ప్రయత్నం ఫలించకపోయినా ఆ నిర్మాతలు విడువలేదు. విడుదలైన ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో తొలి ప్రయత్నాల విభాగానికి అది ఎంపికైంది. కథ సరళం. మేళంలో విన్యాసాలు చేసి జీవించే రాజీ అనే బాలిక, రక్షాబంధనం నాడు అసురులు అపహరించిన తమ్ముడు గోలూను వెదుకుతూ బయలుదేరుతుంది. దుర్గాదేవి త్రిశూలం ఇస్తుంది. శ్రీమహావిష్ణువు, దుర్గాదేవి ఆమె ప్రయాణాన్ని పైనుండి చూస్తూ తమలో తాము సంభాషించుకుంటారు. మార్గమంతా రాజస్థాన కోటలు, కొలనులు, కుడ్యచిత్రాలు. పహాడీ చిత్రశైలిని అనుసరించి రంగులు వేశారు. కథాఘట్టాలను నీడబొమ్మలతో చూపారు. తోలుబొమ్మలాట చూసి పెరిగిన నాయనమ్మకు ఆ ఘట్టాలు పరాయివిగా తోచలేదంటే ఆశ్చర్యం లేదు.

దానిలో లోపాలు లేవని చెప్పడం స్తోత్రమవుతుంది, విమర్శ కాదు. సాహసయాత్రకు ప్రాణమైన విచారణ అందులో తక్కువ, యుద్ధం ఎక్కువ. అసురులు గుంపులుగా వస్తూనే ఉంటారు, కొంతసేపటికి త్రిశూలం తిప్పడం యాంత్రికమవుతుంది. మహాబలాసురుడన్న ప్రతినాయకుని కథ రచయితల కల్పన. పిల్లలకు ఆ మాట ముందే చెప్పాలి. కథ శిఖరానికి చేరి, తృప్తి కలగకముందే తెగిపోయినట్లు ఆగిపోతుంది.  దేవతలు పరిహాసమాడటం అపచారమని బాధపడే భక్తులూ ఉండవచ్చు. వారు నంది తిమ్మన పారిజాతాపహరణాన్ని ఒకసారి స్మరించాలి. సత్యభామ పాదతాడనాన్ని శిరసున గ్రహించి చిరునవ్వు నవ్విన స్వామికి ఇద్దరు దేవతల చమత్కారం భారం కాదు.

ఆ ఆటలో ఉత్తమమైన భాగం యుద్ధం కాదు, మండలాలు. నడిచే దారిలో అక్కడక్కడ వృత్తాకార చిత్రాలు వలయాలుగా విడివడి, తప్పుగా తిరిగి ఉంటాయి. ఒక్కొక్క వలయాన్ని తిప్పి సరిచేస్తే అక్కా తమ్ముళ్ల పాత జ్ఞాపకం ఒకటి బొమ్మగా నిలుస్తుంది. ఆ చిక్కు కఠినం కాదు. పదేళ్ల పిల్ల విప్పగలదు. కాని విప్పినందుకు లభించేది బంగారు నాణెం కాదు, కొత్త ఆయుధమూ కాదు. తమ్ముని ముఖం. ఫలం ఇంతటి నిష్కల్మషమైన ఆటను జూదంతో ఒకే గాట కట్టడం అన్యాయం.

పెద్దలలో మరొక వర్గం ఉన్నది. వారు ఆటను అనుమతిస్తారు, కాని జ్ఞానం పెరుగుతుందనో, ఆంగ్లం వస్తుందనో, బుద్ధి చురుకవుతుందనో ఏదో ఒక ప్రయోజనం చూపమంటారు. ఇదీ ఒక విధమైన వణిక్‌బుద్ధి. భరతముని అద్భుతాన్ని రసాలలో ఒకటిగా లెక్కించాడు. దాని స్థాయీభావం విస్మయం. మబ్బు విడిచిన కోనాం కొండలను చూసి నిలబడినవానికి కలిగే విస్మయం ఏ పరీక్షలోనూ మార్కులు తేదు. మధిర సుబ్బన్న దీక్షితులు వ్రాసిన కాశీమజిలీ కథలలో గోపాలబాలుడు మజిలీ మజిలీకీ ఒక వింత చూసి మణిసిద్ధుని కథ అడుగుతాడు. ఆ కథలకోసమే అతడు కాశీకి నడిచాడు. యాత్రాఫలం వెంట వచ్చింది. ఆనందం దానికదే ప్రయోజనమని ఉపనిషత్తులు చదివినవారు పిల్ల ముఖంలో విస్మయం కనబడితే రసీదు అడగరాదు.

హద్దులు మాత్రం అవసరం. వాటిని పెట్టవలసిన చోటు సరిగా గుర్తించాలి. అంతం లేకుండా నిర్మించిన ఆటలు అనేకం నేడు చరవాణిలో ఉన్నాయి. రోజూ రమ్మని పిలుస్తాయి, రాకపోతే నష్టమని బెదిరిస్తాయి, మధ్యమధ్య పెట్టెలు తెరవడానికి ధనం అడుగుతాయి. పణం అన్న మాట లేకపోయినా దాని వాసన వాటిలో ఉన్నది. వాటి విషయంలో ఆ తండ్రి తాళం సమంజసమే. సాహసయాత్రకు ఆది ఉన్నది, అంతం ఉన్నది. రాజీ కొద్ది గంటలలో పూర్తవుతుంది. పూర్తయిన తరువాత రమ్మని పిలవదు. ఉద్యాపన గల వ్రతానికీ, విడుపు లేని పట్టుకూ గల భేదం అది. మరొక జాగ్రత్త కూడ చెప్పాలి. చిక్కుముడి ఎదురుకాగానే యూట్యూబ్‌లో సమాధానం వెదకడం పిల్లలకు అలవాటయింది. యక్షుని ప్రశ్నలకు సమాధానాలు వ్రాసిన తాటాకును ముందే జేబులో పెట్టుకుని సరస్సుకు వెళ్లడం వంటిది అది. నీరు దొరుకుతుంది, దాహమూ తీరుతుంది, ధర్మదేవత దర్శనం మాత్రం కాదు.

ఆ ఇంటి బీరువా నెల రోజుల తరువాత తెరచుకున్నది. ఆడితే సంధ్యాదీపం పెట్టిన తరువాత, అందరూ తిరిగే సావిట్లోనే, భోజనాల వేళ వరకే అన్నది తండ్రి విధించిన నియమం. అన్న ఇంకా ఆ సావిట్లోకి రావడం లేదు. పోయిన సొమ్ము తీర్చడానికి కూలికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చి అరుగుమీదనే పడుకుంటున్నాడు. లోపల నాయనమ్మ పీట వేసుకుని మనుమరాలి ప్రక్కన కూర్చుంటుంది. ఒక సాయంకాలం మండలం కలవక పిల్ల అటూ ఇటూ తిప్పుతున్నది.

"ఒలే, ఆ రేకు ఇటేపు తిప్పవే" అన్నది నాయనమ్మ.

తిప్పింది. సగం బొమ్మ కలిసింది. పశువులశాలకు వెళ్తున్న తండ్రి గడపలో ఒక క్షణం ఆగి తెరవైపు చూశాడు.

"ఆ కొసది కలవనేదు" అని చెప్పి, చిట్టు బకెట్టు అందుకుని బయటకు వెళ్లాడు.